మా అక్క పక్షం

డార్చెస్టర్,
6 అక్టోబరు 1985

అక్కా,

కవరు మీద చేతిరాత చూడగానే ఎవరిదో నీకు తెలిసిపోయి ఉంటుంది. చించేసే ముందు ఒక్కసారి చదువు. ఫోన్ చేస్తే పెట్టేస్తావు. కిందటి ఈస్టరుకి రెండుసార్లు పెట్టేశావు. ఇంటికొస్తే బావ గుమ్మంలోనే నిలబడి "నోరీన్ ఇంట్లో లేదు" అంటాడు, వెనకాల నువ్వు గిన్నెలు దబదబా పడేస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. రెండు మైళ్ళ దూరానికి స్టాంపు అంటించడం నాకే నవ్వులాటగా ఉంది. కానీ వేరే దారి కనిపించలేదు.

నేను మళ్ళీ చదువుకుంటున్నాను, నలభై ఒకటో ఏట. పగలు బడిలో పాఠాలు చెప్పి సాయంత్రం క్లాసులకి వెళ్తున్నాను. మీ బీచిలో నిలబడితే నీళ్ళకవతల కొలంబియా పాయింటు మీద ఇటుకల విశ్వవిద్యాలయం కనిపిస్తుంది కదా, అందులోనే. చదువు పేరు 'విమర్శనాత్మక, సృజనాత్మక ఆలోచన'. ఎం.ఏ. ఇస్తారు. నవ్వకు. క్లాసులో అందరూ మన ఈడువాళ్ళే. ఒకాయన అగ్నిమాపక దళంలో కెప్టెను, ఒకావిడ నర్సు, మిగతావాళ్ళు నాలాంటి టీచర్లు. మా ప్రొఫెసర్ వోగెల్ గారు మొదటిరోజే అన్నారు: "మీరంతా వాదించడం బాగా నేర్చుకునే వచ్చారు. ముందు నేను మీ చేత అది మాన్పించాలి."

అందుకు ఆవిడ ఇచ్చిన పని ఇది. నిజంగా గొడవపడిన మనిషిని ఒకరిని ఎంచుకోవాలి. ఆ మనిషి పక్షం ఏమిటో ఆ మనిషే చెప్పుకున్నట్టు ఒక్క పేజీలో రాయాలి. రాసింది ఆ మనిషికి చూపించాలి. "అవును, ఇది నా మాటే" అని వాళ్ళు సంతకం పెడితేనే పని పూర్తయినట్టు. పెట్టకపోతే మళ్ళీ రాయాలి. అంతవరకు మన పక్షం ఒక్క ముక్క చెప్పకూడదు. మే నెలాఖరు దాకా గడువు. ఈలోగా సంతకం రాకపోతే ఏడాది వృథా.

మిగతావాళ్ళు పక్కింటివాళ్ళనీ, పై అధికారులనీ ఎంచుకున్నారు. నేను నిన్ను ఎంచుకున్నాను. క్లాసులో మన సంగతి రెండు ముక్కల్లో చెప్పాల్సి వచ్చింది. ఇలా చెప్పాను: "డెబ్భై నాలుగులో కోర్టువారు మా సౌత్ బోస్టన్ పిల్లల్ని బస్సుల్లో రాక్స్‌బరీలోని నల్లవాళ్ళ బడికీ, అక్కడి పిల్లల్ని మా బడికీ పంపమని తీర్పిచ్చారు. మా పేటవాళ్ళు పిల్లల్ని ఇళ్ళలో కూర్చోబెట్టారు. మా అక్క కూడా తన కూతురు ఊనాని కూర్చోబెట్టింది. నేను అప్పుడు ఆ రాక్స్‌బరీ బడిలోనే టీచర్ని. అప్పటినుంచి అక్క నాతో మాట్లాడదు." అమ్మ పోయినప్పుడు శవపేటికకి చెరోవైపు నిలబడ్డామని కూడా చెప్పబోయి ఊరుకున్నాను.

ఇది నా మొదటి ప్రతి:

"మా పేట మాది. బయటివాళ్ళు రావడం మాకు ఇష్టం లేదు. మాకు తెలియని మనుషులంటే మాకు భయం. ఆ భయమే మా చేత అలా చేయించింది. పిల్లల చదువు కన్నా పేట కట్టుబాటే మాకు ముఖ్యమనిపించింది."

సరిగ్గా ఉంటే కింద సంతకం పెట్టి పంపు. బావనీ ఊనానీ అడిగానని చెప్పు.

నీ చెల్లెలు,
బెర్నడెట్

---

సౌత్ బోస్టన్,
20 అక్టోబరు

బెర్నడెట్,

ఆ చదువు పేరు రెండుసార్లు చదివాను. మూడోసారి మీ బావకి పైకి చదివి వినిపించాను. ఆలోచించడానికి కూడా డిగ్రీ ఇస్తున్నారన్నమాట! మన నాన్న ముప్ఫై ఏళ్ళు రేవులో మూటలు దించాడు, ఏ కాలేజీ కాగితం లేకుండానే ఆలోచించాడు పాపం. బతికుంటే ఆయనకి కూడా ఒకటి రాయించి ఇప్పించేదానివి.

నువ్వు పంపిన ముక్క చూశాను. 'ఆ భయమే మా చేత అలా చేయించింది.' నేను పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారైనా ఇలా మాట్లాడానా? ఇది నా మాట కాదు. రోగి మంచం దగ్గర వేలాడదీసే డాక్టరు చీటీలా ఉంది. రోగం పేరు రాశావు, మందు రాయలేదు, అంతే తేడా. నా పక్షం అని చెప్పి నీ తిట్లే నా నోట్లో కుక్కితే నేను సంతకం పెట్టాలా? ఒళ్ళు మండిపోయింది.

కాగితం తిప్పి పంపుతున్నాను. ఇంకెవరినైనా ఎంచుకో. నీతో గొడవపడినవాళ్ళకి ఈ ఊళ్ళో కరువేమీ లేదు.

నోరీన్

ఇంకొకటి. ఆగస్టులో మీ బావ మోకాలికి ఆపరేషన్ అయింది. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఊనా ఆసుపత్రి లాండ్రీలోనే పనిచేస్తోంది. అడిగానని చెప్పమన్నావు కాబట్టి చెప్పాను.

---

డార్చెస్టర్,
17 నవంబరు

అక్కా,

డాక్టరు చీటీ అన్న మాట క్లాసులో చదివి వినిపించాను. వోగెల్ గారు పగలబడి నవ్వి "మీ అక్కకి ఇక్కడ సీటు ఇప్పించవచ్చు" అన్నారు. నవ్వాక మాత్రం నన్ను గట్టిగానే చివాట్లు పెట్టారు. ఎదుటి మనిషి చేసిన పనికి కారణం వెతకడం వేరు, ఆ మనిషి తనకు తాను చెప్పుకునే కారణం వినడం వేరు అన్నారు. నేను సిగ్గుపడ్డాను. నీకు క్షమాపణ చెప్పుకోవాలి, చెప్పుకుంటున్నాను.

ఈసారి మూడువారాలు కష్టపడ్డాను. గ్రంథాలయంలో కూర్చుని ఆనాటి పేపర్లన్నీ తిరగేశాను. మన పేట ఆడవాళ్ళు సభల్లో ఏం మాట్లాడారో రాసుకున్నాను. చాలా మాటలు నేనప్పుడు చెవిన వేసుకోనే లేదని ఇప్పుడు అనిపిస్తోంది. ఇదిగో:

"ఆ తీర్పు రాసినవాళ్ళ పిల్లలు ఏ బస్సూ ఎక్కలేదు. వాళ్ళ ఊళ్ళకి ఏ బస్సూ వెళ్ళలేదు. పేదవాళ్ళ పిల్లల్ని తీసుకెళ్ళి మరో పేదవాళ్ళ పేటలో దించి, దానికి న్యాయమని పేరు పెట్టారు. నా బిడ్డకి జ్వరం వస్తే నేను నడిచి వెళ్ళి తెచ్చుకోగలిగినంత దూరంలో బడి ఉండాలని కోరుకున్నాను. తల్లిగా నాకు మిగిలిన హక్కు అదొక్కటే. దాన్ని కూడా నన్ను అడక్కుండా లాక్కున్నారు. మా చేతిలో ఇంకేమీ లేదు, పిల్లల్ని పంపకుండా ఉండటం తప్ప."

నర్సు అన్నానే, ఆవిడ పేరు లూసిల్ గాస్కిన్స్. నా కాగితాలు చదివి తప్పులు చెప్పే వంతు ఆవిడది. రాక్స్‌బరీ మనిషి. ఇది రెండుసార్లు చదివింది. తర్వాత "నాకు కోపం తెప్పించేంత బాగా రాశావు" అంది.

ఈసారి నువ్వు పెడతావనే అనుకుంటున్నాను. బావ మోకాలికి వెచ్చని ఉప్పునీళ్ళ కాపడం పెట్టు.

బెర్నీ

---

సౌత్ బోస్టన్,
8 డిసెంబరు

బెర్నీ,

నీకు తెలుసుగా, గురువారం గురువారం మా వంటింట్లో టీకి నలుగురు చేరతారు. కింది అంతస్తు పెగ్ లాలీ, కానర్ గారి విధవరాలు, ఇంకా ముగ్గురు నలుగురు. మాటల్లో నీ ఉత్తరం సంగతి వచ్చింది. పెగ్ ఊరుకోదు కదా, చదవమని ప్రాణం తీసింది. చదివాను.

ఏం చెప్పమంటావు! సగం దాకా రాకముందే కానర్ ముసలమ్మ కళ్ళద్దాలు తీసేసి కళ్ళు తుడుచుకుంది. పెగ్ బల్ల మీద కొట్టి "అదీ మాట! పదకొండేళ్ళుగా ఎవరైనా ఇలా చెప్తారేమోనని చూస్తున్నాను, చెప్పింది చూడు ఎవరో! ఆ బెర్నడెట్టు!" అంది. మన చర్చి పత్రికలో వేయిద్దాం, నకలు ఇవ్వమంది. తర్వాత పెన్ను తీసి తనే సంతకం పెట్టేసింది. దాని వెనక మిగతావాళ్ళు కూడా. నీ కాగితం కింద ఆరు సంతకాలున్నాయి, లెక్కపెట్టుకో. ఒకదాని మీద టీ ఒలికింది, క్షమించు.

నాది మాత్రం లేదు.

పెగ్ పెన్ను నా చేతిలో పెట్టింది. అందరూ నాకేసి చూస్తున్నారు. "కెటిల్ మరుగుతోంది" అని లేచి వెళ్ళిపోయాను. మంచి మాటలే బెర్నీ, ఒక్కటి కూడా అబద్ధం కాదు. పెగ్‌కి అవి నిజం. వాళ్ళ ఆరుగురికీ నిజం. నా మాట మాత్రం అది కాదు. ఎందుకు కాదని అడగకు.

క్రిస్మసుకి ఫ్రూట్ కేకు చేశాను. పంపుదామనుకున్నాను, పోస్టులో విరిగిపోతుందని మానేశాను.

నోరీన్

---

డార్చెస్టర్,
19 జనవరి 1986

నోరీన్,

మూడు ప్రతులు రాసి చించేశాను. నాలుగోది నీకు పంపడం లేదు, ఎందుకంటే అందులో నా పక్షమే ఉంది, దాన్ని చెప్పకూడదని నియమం. కానీ ఒక్క మాట చెప్పకుండా ఉండలేను, మార్కులు పోతే పోనీ.

నువ్వు నన్ను ఆడిస్తున్నావు. తిట్టినట్టు రాస్తే కాదన్నావు. నిన్ను నెత్తిన పెట్టుకుని రాస్తే, వీధి వీధంతా సంతకాలు పెడితే, అదీ కాదన్నావు. "ఎందుకు కాదని అడగకు" అన్నావు. చిన్నప్పుడూ ఇంతే. చీట్లాటలో ఓడిపోతున్నావంటే బల్ల తిరగేసేదానివి. ఇప్పుడు నీకు కావలసింది నేను ఓడిపోవడం. నన్ను మే నెల దాకా ఇలా గుమ్మంలో నిలబెట్టి, చివర్న తలుపు వేసెయ్యాలని నీ ఉద్దేశమైతే ఆ ముక్కేదో ఇప్పుడే చెప్పు.

ఆ ఆరు సంతకాల కాగితం లూసిల్ చూసింది. అప్పుడు నాకు తెలియని సంగతి చెప్పింది. వాళ్ళ తమ్ముడు ఆ ఏడాది రాక్స్‌బరీ నుంచి మన బడికి వచ్చే బస్సులో ఉన్నాడు. మన పేట కొండ మీదికి ఎక్కుతుంటే రాళ్ళు పడి కిటికీ అద్దం పగిలింది. చెవి మీద ఏడు కుట్లు పడ్డాయి. లూసిల్ ఇదంతా గొంతు పెంచకుండా చెప్పింది. ఆ తర్వాత నీ గురించి అంది: "ఈ ఆరుగురి మాటా నాకు అర్థమైంది. ఒప్పుకోను, అర్థమైంది. కానీ ఈ పేజీలో మీ అక్క ఎక్కడా లేదు. ఆవిడ సంతకం పెట్టకుండా ఉండటం చూస్తే ఆవిడొక్కతే నిజం చెప్పే మనిషిలా ఉంది."

నాకు ఆ మాట కూడా నచ్చలేదు. ఇప్పుడు నాకు ఏదీ నచ్చడం లేదు.

బెర్నడెట్

---

సౌత్ బోస్టన్,
2 ఫిబ్రవరి

బెర్నీ,

మొదట కోపంతో నాలుగు పేజీలు రాసి పొయ్యిలో పడేశాను. మీ బావ "వంటింట్లో కాలేజీ పెట్టావా ఏమిటి" అన్నాడు.

నా తరఫున నువ్వు ఎన్నో పేజీలు రాశావు. గ్రంథాలయంలో కూర్చుని పాత పేపర్లు తిరగేశావు. వోగెల్ గారిని అడిగావు, ఆ నర్సుని అడిగావు. నన్ను మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు. అక్టోబరు నుంచీ నీ ఉత్తరాలన్నీ బల్ల మీద పరిచి చూశాను, కావాలంటే నకళ్ళు నువ్వూ చూసుకో. 'సరిగ్గా ఉంటే సంతకం పెట్టు' అని ఉంది. 'ఏం జరిగింది అక్కా' అని ఎక్కడా లేదు.

అందుకని బల్ల తిరగేశాను, ఒప్పుకుంటున్నాను.

నోరీన్

---

డార్చెస్టర్,
5 ఫిబ్రవరి

అక్కా,

బస్సులు మొదలైన ఆ రోజు పొద్దున ఏం జరిగింది?

బెర్నీ

---

సౌత్ బోస్టన్,
9 మార్చి

బెర్నీ,

నెల పట్టింది, ఏమనుకోకు. నువ్వు అడిగితే చెప్పడం తేలిక అనుకున్నాను. కాదు.

ఆ ముందురోజు రాత్రే ఊనా తెల్ల బ్లౌజు ఇస్త్రీ చేసి పెట్టాను. బూట్లు పాలిష్ చేశాను. మీ బావ పొద్దున్నే డ్యూటీకి వెళ్తూ "పంపుతావా?" అన్నాడు. "పంపుతా" అన్నాను. "నీ ఇష్టం, నేనేమీ చూడలేదు" అని వెళ్ళిపోయాడు. అవును, పంపాలనే అనుకున్నాను. నాకు ఆ బడా ఈ బడా అన్న పట్టింపు లేదు. ఎంత దూరమైతే ఏం, ఆ బడిలో నువ్వున్నావు. పిల్ల నీ కళ్ళ ముందుంటుంది. లెక్కలు బాగా చేస్తుంది, నువ్వు చూసుకుంటావు. నా ధైర్యమంతా అదే. తీర్పు రాసినవాళ్ళ గురించీ, హక్కుల గురించీ నాకు ఒక్క ఆలోచన కూడా లేదు, అందుకే నీ రెండో కాగితానికి సంతకం పెట్టలేకపోయాను.

వీధి మూల దాకా వచ్చాం. అక్కడ నలభై మంది ఆడవాళ్ళు జపమాలలు పట్టుకుని నిలబడి ఉన్నారు. అందరూ తెలిసినవాళ్ళే. ఒకరిద్దరు ఊనాకి ఉయ్యాల ఊపినవాళ్ళు. ఎవరూ అరవలేదు. పెగ్ లాలీ ఒక్కతే "ఎక్కడికి నోరీన్, ఇంత పొద్దున్నే?" అంది. చాలా మామూలుగా అడిగింది. నేను "పాలకి" అన్నాను.

పాలకి! పక్కన బడిసంచీ వేసుకున్న పిల్లని పెట్టుకుని. పాల దుకాణం ఉన్నది అటువైపు కాదని అందరికీ తెలుసు. ఎవరూ నవ్వలేదు. నన్ను నవ్వులపాలు చేసినా బాగుండేది. పెగ్ జరిగి పక్కన చోటిచ్చింది. నేను వెళ్ళి ఆ చోటులో నిలబడ్డాను. అంతే జరిగింది. నా దగ్గర కారణమేమీ లేదు బెర్నీ. మొదటి కాగితంలో తెలియని మనుషులంటే భయం అని రాశావు. నేను భయపడింది తెలిసినవాళ్ళకి.

ఊనా నా పక్కనే ఉంది, నోరెత్తలేదు. పద్నాలుగేళ్ళది, దానికేం అర్థమవుతుంది. వచ్చే వారం పంపుదాం అనుకున్నాను, తర్వాత క్రిస్మసు వెళ్ళాక అనుకున్నాను. రెండేళ్ళు గడిచాక లాండ్రీలో చేరతానంది. సరే అన్నాను. ఇప్పుడు ఇరవై అయిదు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు. ఆదివారాలు నా పక్కన కూర్చుని బంగాళాదుంపలు తొక్క తీస్తుంది. లాండ్రీ నీళ్ళకి పగిలిన దాని చేతులు చూసినప్పుడల్లా లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోతాను.

ఆ నర్సు తమ్ముడి పేరేమిటి? ఇప్పుడెలా ఉన్నాడు? రాళ్ళు నేను వేయలేదు. వేసినవాళ్ళెవరో నాకు తెలుసు, నాతోపాటు చాలామందికి తెలుసు. పోలీసులు వచ్చి అడిగితే తెలియదన్నాం. ఇది ఇంతవరకు ఫాదర్‌కి కూడా చెప్పలేదు, నీకు చెప్తున్నాను.

ఇక నువ్వు. రోడ్డుకి అవతల పసుపు బస్సు ఆగి ఉంది. దాని మెట్ల దగ్గర చేతిలో జాబితా పట్టుకుని నువ్వు నిలబడి ఉన్నావు. ఆ పొద్దున ఆ బస్సుకి పిల్లల్ని ఎక్కించే పని నీదని నాకు తెలుసు, అందుకే ఆ మూలకి వచ్చాను. పెగ్ పక్కకి వెళ్తూ నీకేసి చూశాను. నువ్వూ చూశావు. చూసి, తల దించుకుని, ఆ కాగితంలో ఏదో రాసుకున్నావు.

నువ్వు అక్కడే ఉన్నావు. పదకొండేళ్ళ తర్వాత ఏం జరిగిందని నన్ను అడుగుతున్నావు. అడగమని నేనే అన్నాను, నిజమే. ఇప్పుడు నేను అడుగుతున్నాను. ఏం రాశావు?

నోరీన్

---

డార్చెస్టర్,
13 ఏప్రిల్

అక్కా,

ఊనా పేరుకి ఎదురుగా 'రాలేదు' అని రాశాను.

నా కళ్ళ ముందు, రోడ్డుకి అవతల, బడిసంచీతో నిలబడి ఉన్న పిల్లకి 'రాలేదు' అని రాశాను. ఆ జాబితాలో ముప్ఫై రెండు పేర్లున్నాయి. మిగతా ముప్ఫై ఒకటీ ఇళ్ళలోంచి బయటికే రాలేదు. ఊనా ఒక్కతే వచ్చింది.

నేను రోడ్డు దాటి రావలసింది. "పద ఊనా" అని చెయ్యి పట్టుకుంటే చాలు, నిందంతా నా మీద పడేది, నువ్వు 'ఏం చేయను, మా చెల్లెలు లాక్కుపోయింది' అనుకునేదానివి. అది నాకు ఆ క్షణంలోనే తోచింది. అయినా కదల్లేదు. ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నదేమిటంటే, నువ్వు వాళ్ళలో కలిసిపోయావు, ఇక చేసేదేముంది అని. అది అబద్ధం. నిజమేమిటంటే, ఆ నలభై మంది నన్ను కూడా చూస్తున్నారు. నేనూ ఆ వీధిలో పుట్టినదాన్నే, పెగ్ లాలీ ఒక్క చూపు చూస్తే నాకూ అడుగు ముందుకు పడదు. దానికి తోడు ఇంకొకటి ఉంది, రాయడానికి చెయ్యి రావడం లేదు. నువ్వు వెళ్ళి పెగ్ పక్కన నిలబడగానే నాకు లోపల ఎక్కడో తృప్తిగా అనిపించింది. చూశావా, నేననుకున్నట్టే అయింది అని. బస్సు ఖాళీగా బయల్దేరింది, నేను అందులో కిటికీ పక్కన తలెత్తుకుని కూర్చున్నాను.

మన గొడవ బస్సుల గురించి అని క్లాసులో చెప్పాను. ఏడునెలలు దాని గురించే పుస్తకాలు తిరగేశాను. నీ కోపం బస్సుల మీద కానే కాదని నాకు మొదటినుంచీ తెలుసేమో, అందుకే ప్రశ్న అడగలేదేమో. వోగెల్ గారితో నేను ఎంచుకున్న గొడవే తప్పని చెప్పాను. "అది కనుక్కోవడానికే ఈ పని ఇచ్చాను" అన్నారు, కానీ గడువు మాత్రం పెంచలేదు.

లూసిల్ తమ్ముడి పేరు రెజినాల్డ్. ఇప్పుడు రెడ్ లైన్ భూగర్భ రైలు నడుపుతాడు. ఇద్దరు ఆడపిల్లలు. నువ్వు అడిగావని చెప్తే లూసిల్ కాసేపు కిటికీలోంచి చూసి "పేరు అడిగిందా?" అంది. మన్నించిందని అనుకోకు. కానీ మర్నాడు క్లాసుకి వచ్చాక నా పక్కనే కూర్చుంది.

ఇదీ కాగితం. ఈసారి చిన్నదే:

"నా కూతుర్ని బడికి పంపాలనే బయల్దేరాను. అక్కడ మా చెల్లెలు ఉందన్న ధైర్యంతో బయల్దేరాను. మూల మీద ఇరుగుపొరుగువాళ్ళని చూసి జడిసిపోయాను. చెల్లెలు రోడ్డు దాటి వస్తుందని చూశాను. అది రాలేదు."

సంతకం పెట్టినా పెట్టకపోయినా ఫరవాలేదని రాద్దామనుకున్నాను. అది కూడా అబద్ధమే. నాకు కావాలి. మార్కుల కోసం కాదు.

బెర్నీ

---

సౌత్ బోస్టన్,
11 మే

ఏమే బెర్నీ,

నీ ఉత్తరం వచ్చి నాలుగువారాలైంది. తీసి చదవడం, మళ్ళీ డ్రాయరులో పెట్టడం. 'తృప్తిగా అనిపించింది' అన్న చోట నిన్ను రెండు చెంపలూ వాయించాలనిపించింది. చిత్రమేమిటంటే, ఆ ముక్క లేకపోతే మిగతాదేదీ నమ్మి ఉండేదాన్ని కాదు.

కాగితం అయిదారుసార్లు చదువుకున్నాను. ప్రతి మాటా నాదే. నా గొంతు నాకే వినిపించింది. అయితే చివర ఒక్క వాక్యం తక్కువైంది, నేను కలిపాను. 'అది రాలేదు' అన్న తర్వాత 'నేనూ పిలవలేదు' అని రాశాను. నిజమే కదే. రోడ్డు అవతలే ఉన్నావు. "బెర్నీ!" అని ఒక్క కేక వేస్తే వినపడేది. నలభై మంది ముందు ఆ పేరు నా నోట రాలేదు. పదకొండేళ్ళు నువ్వు రాలేదన్న దాన్నే పట్టుకుని కూర్చున్నాను, రెండో సగం జోలికి పోలేదు.

కింద సంతకం పెట్టాను. తేదీ కూడా వేశాను. మీ వోగెల్ గారికి చూపించుకో.

గురువారం పెగ్ మళ్ళీ అడిగింది, కాగితం ఏమైందని. ఆ రోజు నేను బయల్దేరింది పాలకి కాదని చెప్పాను. పెగ్ టీ కప్పు కింద పెట్టి "నాకు తెలుసులే" అంది. "మరి అప్పుడెందుకు అడిగావే?" అన్నాను. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా జిమ్మీని కూడా పంపాలనే అనుకున్నానే" అంది. దాని కప్పులో మళ్ళీ టీ పోశాను. ఆ మూల మీద నిలబడ్డ నలభై మందిలో ఇంకెంతమంది ఇలాంటివాళ్ళున్నారో నాకు తెలియదు, అడగాలంటే భయంగా ఉంది.

గురువారం టీకి రా. ఇరవై రెండో తారీఖు. వీధి తలుపు నుంచే రా, దొడ్డిదారిన కాదు, అందరూ చూడాలి. మీ బావ తలుపు తీస్తాడు, ఈసారి నేను ఇంట్లో ఉన్నానని చెప్తాడు.

మీ అక్క,
నోరీన్

---

(అదే కవరులో, వేరే కాగితం మీద)

పిన్నీ,

అమ్మ ఈ కవరు పోస్టు చేయమని నాకిచ్చింది. అంటించి లేదు. చదివాను. చదవకూడదని తెలుసు.

మీ ఇద్దరి రాత చాలా బాగుంది. అమ్మ సంతకం పెట్టిందంటే నిజమే అయ్యుంటుంది. కానీ అందులో నేను సంచీ వేసుకుని పక్కన నిలబడి ఉన్న పిల్లనే. నోరెత్తలేదని అమ్మ అనుకుంటోంది. డ్రాయరులో ఉన్న నీ పాత ఉత్తరాలు కూడా చూశాను, నువ్వూ అదే అనుకుంటున్నావు.

పాలకి అని అమ్మ అనగానే నేను నా చెయ్యి విడిపించుకున్నాను. బస్సు వైపు మూడడుగులు వేశాను. తారురోడ్డు మీదికి దిగాను. అమ్మ వెనకనుంచి సంచీ పట్టుకుని లాగింది, అప్పుడు అమ్మ పెగ్ ఆంటీకేసి చూస్తోంది. నువ్వు జాబితాలోకి చూస్తున్నావు. నలభై మంది ఆడవాళ్ళు చూశారు, మీ ఇద్దరూ తప్ప.

నాకు ఆ బస్సు ఎక్కాలని ఉండింది. నువ్వున్నావని కాదు, అమ్మ పంపిందని కాదు. నాకు వేరే కారణం ఉంది. అప్పుడు ఎవరూ అడగలేదు. ఈ ఏడాదంతా మీరు ఉత్తరాలు రాసుకుంటుంటే, ఇవాళ అడుగుతారేమో, రేపు అడుగుతారేమో అని ఆదివారం ఆదివారం బంగాళాదుంపలు తొక్క తీస్తూ కూర్చున్నాను.

గురువారం నేను సెలవు పెట్టాను. రా. అమ్మకి కూడా చెప్తాను. నేను చెప్తున్నంతసేపూ మీరిద్దరూ ఏమీ రాసుకోవద్దు. నాకేసి చూడండి.

ఊనా